వెనకవాడికి చెప్పే మాట: బ్రేక్ లైటు స్విచ్చి కథ

మీ వాహనంలో మీకు ఎన్నడూ కనిపించని దీపం ఒకటి ఉంది. హెడ్‌లైటు వెలిగితే రోడ్డు మీద వెలుగు పడుతుంది. ఇండికేటరు వేస్తే టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. కాని బ్రేకు మీద కాలు వేసినప్పుడు బండి వెనక వెలిగే ఎర్రదీపాన్ని బండి నడిపేవాడు చూడలేడు. ఆ దీపం ఉన్నది వెనక వచ్చేవాడి కోసం. అది చెడిపోయినా మొదట తెలిసేది వెనకవాడికే. ఒక్కోసారి ఆ సంగతి గుద్దుకున్న తరువాతే తెలుస్తుంది.

భిలాయిలోని క్యాంప్-2కు వెళ్ళినప్పుడు ఈ విషయం నాకు బాగా అర్థమైంది. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాలు 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారం కట్టే రోజుల్లో కూలీల కోసం వెలసిన బస్తీలకు క్యాంప్-1, క్యాంప్-2 అన్న పేర్లు అలాగే నిలిచిపోయాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. మా అక్క అత్తవారిల్లు కూడా అక్కడే.

ఒక సాయంత్రం మా బావ తన ఎస్.యు.వి.లో పవర్‌హౌస్ వైపు నుంచి వస్తున్నారు. అది ఎవరి దగ్గరో కొన్న పాత బండి, ఆటోమేటిక్ గేరుది. ముందు ఒక ఆవు అడ్డం వస్తే ఆయన బ్రేకు వేశారు. వెనక మోటారు సైకిల్ మీద వస్తున్న కుర్రాడు వచ్చి బంపరుకు తగిలాడు. దెబ్బలేమీ తగలలేదు కాని ముందు మడ్‌గార్డు వంగిపోయింది. "మీ బత్తీ వెలగలేదండీ" అన్నాడు కుర్రాడు. "వెనక నుంచి గుద్ది పైగా మాటలా?" అన్నారు బావ. చుట్టూ చేరిన పెద్దలూ బావ పక్షమే మాట్లాడారు. కుర్రాడు వంగిన మడ్‌గార్డుతోనే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న బండి స్టార్టయింది కాని గేరు 'పార్క్' లోంచి కదలలేదు. బ్రేకు పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కితే అప్పుడు కదిలింది. ఈ రెండు సంఘటనలకూ సంబంధం ఉందని బావకు తోచలేదు. మీకు తోచిందా? జవాబు చెప్పే ముందు కాస్త చరిత్రలోకి వెళ్ళి వద్దాం.

చేతి సైగ నుంచి దీపానికి

తొలినాటి మోటారు బళ్ళకు ఆగబోతున్నామని చెప్పే దీపం లేదు. ఆ మాట చేతితో చెప్పేవారు. మన దేశంలోనూ అంతే. కుడిచేతిని బయటకు చాచి, అరచేయి కిందకు పెట్టి, పైకీ కిందకూ ఆడిస్తే వేగం తగ్గిస్తున్నామని అర్థం. ముంజేతిని నిటారుగా పైకెత్తితే ఆగుతున్నామని అర్థం. 1989 నాటి రహదారి నియమాల్లో కూడా ఈ సైగలు ఉన్నాయి. లారీ క్లీనరు కిటికీలోంచి చేయి ఆడించడం మీరు చూసే ఉంటారు.

చేతి సైగకు రెండు ఇబ్బందులున్నాయి. చీకట్లో అది కనబడదు. పైగా హఠాత్తుగా బ్రేకు వేయవలసి వచ్చినప్పుడు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలి. సైగ అత్యవసరమైన క్షణంలోనే సైగ చేయడానికి చేయి ఖాళీ ఉండదన్న మాట. కనుక ఆ పనిని కాలికి అప్పగించాలి. ఎలాగూ బ్రేకు తొక్కేది కాలే కదా!

ఈ ఆలోచన చేసిన తొలివారిలో హాలీవుడ్ మూకీ చిత్రాల తార ఫ్లోరెన్స్ లారెన్స్ ఒకరని చెబుతారు. కార్లంటే ప్రాణం పెట్టే ఆమె 1914 ప్రాంతంలో ఒక అమరిక చేసుకున్నారు. బ్రేకు తొక్కితే కారు వెనక 'ఆగు' అని రాసిన పలక పైకి లేచేది. దానికి ఆమె పేటెంటు తీసుకోలేదు. ఆ తరువాత పలక స్థానంలో విద్యుద్దీపం వచ్చింది. పెడల్‌కు ఒక స్ప్రింగు తగిలించి, దాని రెండో కొసను స్విచ్చికి కట్టారు. కాలు కిందకు వెళితే స్ప్రింగు లాగుతుంది, స్విచ్చి కలుస్తుంది, దీపం వెలుగుతుంది. అది పాతకాలపు సంగతి అనుకోకండి. చాలా మోటారు సైకిళ్ళలో వెనక బ్రేకు పెడల్ దగ్గర వంగి చూడండి. ఆ సన్నని స్ప్రింగు నేటికీ అక్కడే వేలాడుతూ కనిపిస్తుంది.

పీడనం పలికిన రోజులు

ఇంతలో బ్రేకే మారిపోయింది. అంతవరకు ఇనుప కడ్డీలూ తీగలూ కాలి బలాన్ని చక్రాలకు చేరవేసేవి. వాటి బదులు ద్రవాన్ని వాడే పద్ధతికి అమెరికాలో మాల్కం లాకీడ్ 1917లో పేటెంటు పొందారు. విమానాల కంపెనీ వల్ల ప్రసిద్ధమైన లాకీడ్ సోదరుల్లో ఆయన ఒకరు. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్-ఎ కారుకు నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులు ఉన్నాయి. మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట వేసిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం.

ద్రవంలో పీడనం పెరుగుతోందంటే బ్రేకు పడుతున్నట్టే. మరి ఆ పీడనాన్నే స్విచ్చి నొక్కడానికి వాడుకుంటే? ఇంజనీర్లు అదే చేశారు. బ్రేకు గొట్టంలోనో, మాస్టర్ సిలిండరు మీదో ఒక చిన్న స్విచ్చిని బిగించారు. అందులో ఒక పలుచని పొర ఉంటుంది. పీడనానికి ఆ పొర ఉబ్బి, దాని వెనకనున్న రెండు లోహపు ముక్కలను కలుపుతుంది. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపులో ఉన్నది ఇటువంటి స్విచ్చే. ఆ జీపు వారసులే ఆ తరువాత మహీంద్రా జీపులుగా మన రోడ్ల మీద తిరిగాయి. గాలి బ్రేకులున్న లారీల్లో నూనె బదులు గాలి పీడనం ఇదే పని చేస్తుంది.

ఈ పద్ధతిలో ఒక నిజాయితీ ఉంది. బ్రేకు వ్యవస్థలో నిజంగా పీడనం పుడితేనే దీపం వెలుగుతుంది. కాని లోపమూ అక్కడే ఉంది. పీడనం కొంత పెరిగే దాకా దీపం వెలగదు. కాలు మెల్లగా వేస్తే బండి నెమ్మదిస్తూనే ఉంటుంది, వెనకవాడికి కబురు అందదు. గొట్టం పగిలి పీడనం పడిపోతే బ్రేకుతో పాటు దీపమూ పోతుంది. అన్నిటికంటె వెనకవాడికి హెచ్చరిక కావలసిన క్షణం అదే!

పొర పాతబడి నూనె స్విచ్చిలోకి చెమ్మగిలడం మరో బెడద. విద్యుత్తు ఉన్న చోటికి మండే ద్రవం చేరితే ఏమవుతుందో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ అనుభవం చెబుతుంది. అక్కడ అది దీపం స్విచ్చి కాదు. బ్రేకు వేయగానే స్థిరవేగ నియంత్రణను ఆపే పీడనపు స్విచ్చి. తాళం తీసినా దానికి విద్యుత్తు అందుతూనే ఉండేది. పొర గుండా ద్రవం కారి, నిలిపి ఉంచిన బళ్ళలో సైతం మంటలు లేచాయి. 1999 నుంచి 2009 వరకు ఆ కంపెనీ కోటికి పైగా వాహనాలను దశలవారీగా వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

మళ్ళీ పెడల్ దగ్గరకే

ఒక గొట్టం పగిలినా కొంత బ్రేకు మిగలాలని 1960లలో బ్రేకు ద్రవాన్ని రెండు వేరు వేరు మార్గాలుగా విడదీయడం మొదలైంది. అమెరికాలో 1968 నుంచి ఇది తప్పనిసరి అయింది. ఇప్పుడు స్విచ్చిని ఏ మార్గంలో పెట్టాలి? ఒకదానిలో పెడితే అది చెడినప్పుడు దీపం పోతుంది. అందువల్ల కార్లలో స్విచ్చి క్రమంగా మళ్ళీ పెడల్ దగ్గరకే వచ్చేసింది. కాని ఈసారి స్ప్రింగుతో లాగే స్విచ్చి కాదు, బొడిపె ఉన్న స్విచ్చి.

దీని పని చాలా తేలిక. పెడల్ పైన ఉన్నప్పుడు దాని చేయి స్విచ్చి బొడిపెను లోపలికి నొక్కి ఉంచుతుంది. ఆ స్థితిలో వలయం తెగి ఉంటుంది. కాలు వేయగానే పెడల్ దూరం జరుగుతుంది, లోపలి స్ప్రింగు బొడిపెను బయటకు తోస్తుంది, వలయం కలుస్తుంది. ఫ్రిజ్ తలుపు తీయగానే లోపలి దీపం వెలగడం లాంటిదే ఇది. పీడనం స్విచ్చి బ్రేకు పడుతున్న సంగతి చెప్పేది. పెడల్ స్విచ్చి బ్రేకు వేయాలన్న ఉద్దేశాన్నే చెప్పేస్తుంది. చక్రం నెమ్మదించక ముందే కబురు బయలుదేరుతుంది. పెడల్ మీద ఊరికే కాలు ఆనించి నడిపేవారి దీపం మాత్రం పనిలేకుండా వెలుగుతూనే ఉంటుంది. ఎప్పుడూ వెలిగే దీపం ఏమీ చెప్పనట్టే కదా! సమాచారం ఉన్నది వెలుగులో కాదు, మార్పులో.

మూడో దీపం నేర్పిన పాఠం

బ్రేకు దీపం నిజంగా ప్రమాదాలను తగ్గిస్తుందా? ఈ ప్రశ్నను ప్రయోగంతో అడిగినవారు అమెరికా మనస్తత్వవేత్త జాన్ వోవోడ్‌స్కీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో 343 టాక్సీలకు మామూలు దీపాలకు తోడు మధ్యలో మరొక హెచ్చరిక దీపం అమర్చారు. 160 టాక్సీలకు అమర్చలేదు. ఆయన 1974లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అదనపు దీపం ఉన్న టాక్సీలకు వెనక నుంచి గుద్దుళ్ళు 60 శాతం పైగా తగ్గాయి. ఆ తరువాత జరిగిన మరికొన్ని పరీక్షలూ లాభమే చూపించాయి. 1985 సెప్టెంబరు నుంచి అమెరికాలో కొత్త కార్లకు ఎత్తున, మధ్యన ఉండే మూడో బ్రేకు దీపం తప్పనిసరి అయింది.

తరువాతి కథ మరింత ఆసక్తికరం. అన్ని కార్లకూ మూడో దీపం వచ్చేసరికి దాని మహిమ తగ్గింది. 1998లో అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చితే దీర్ఘకాలపు లాభం 4.3 శాతమే వచ్చింది. తొలి టాక్సీల దీపంలో కొత్తదనం ఉంది, అందరి చూపూ దాని మీద పడింది. కన్ను అలవాటు పడ్డాక కొత్తదనం పోయింది. అయినా 4.3 శాతం తక్కువేమీ కాదు. లక్షల వాహనాల మీద అది ఎన్నో ప్రమాదాలను తప్పిస్తుంది. దీపం ఖర్చుతో పోలిస్తే అది మంచి బేరమేనని ఆ సంస్థ తేల్చింది.

దీపం వెలిగే వేగం కూడా ముఖ్యమే. మామూలు బల్బులో తంతువు కాగి పూర్తి కాంతి ఇవ్వడానికి సెకనులో దాదాపు అయిదో వంతు పడుతుంది. ఎల్.ఇ.డి.కి ఆ ఆలస్యం లేదు. మీరు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్నారనుకోండి. సెకనులో అయిదో వంతు కాలంలో మీ బండి 3 మీటర్లకు పైగా ముందుకు వెళుతుంది. మోటారు సైకిల్ పొడవు కన్నా అది ఎక్కువ.

క్యాంప్-2లో రోగ నిర్ధారణ

ఇక బావ బండి దగ్గరకు వద్దాం. అప్పటికి ఆయన రెండుసార్లు బల్బులు మార్పించారు. మార్చిన రోజు వెలిగేవి, మర్నాడు మళ్ళీ వెలిగేవి కావు. చివరకు క్యాంప్-2లోనే పాతికేళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్న ఒక శ్రీకాకుళం మేస్త్రి దగ్గరకు వెళ్ళాం. ఆయన బండిని ముట్టుకోలేదు. నన్ను వెనక నిలబెట్టి, బావను బ్రేకు తొక్కమన్నారు. మూడు దీపాలూ వెలగలేదు.

"మూడూ ఒకేసారి సచ్చిపోవు బాబూ. బల్బుల తప్పు నేదు" అన్నారు.

ఆ ఒక్క మాటలో తర్కమంతా ఉంది. ఒక దీపం వెలగకపోతే బల్బునో, హోల్డరునో, అక్కడి ఎర్తు తీగనో అనుమానించాలి. అన్నీ వెలగకపోతే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటును వెతకాలి. అంటే ఫ్యూజు లేదా స్విచ్చి. మేస్త్రి ఫ్యూజు చూశారు, బాగానే ఉంది. తరువాత డ్రైవరు సీటు కింద వెల్లకిలా పడుకుని, పెడల్ పైన ఉన్న స్విచ్చి దగ్గర టార్చి వేశారు. దానికి నాలుగు తీగలున్నాయి. రెండు దీపాలవి. మిగతా రెండు బండిలోని కంప్యూటరుకు వెళ్ళేవి.

ఆయన టెస్టు దీపం క్లిప్పును బండి ఇనుముకు తగిలించి, దీపాల తీగల్లో మొదటిదాన్ని ముట్టించారు. టెస్టు దీపం వెలిగింది. అంటే స్విచ్చి దాకా విద్యుత్తు వస్తోంది. రెండో తీగను ముట్టించి, పెడల్ తొక్కమన్నారు. వెలగలేదు. అయిదారు సార్లు తొక్కితే ఒకసారి మినుక్కుమంది. ఆ తరువాత స్విచ్చిని ఊడదీసి, ఆ రెండు తీగల గూళ్ళను చిన్న తీగ ముక్కతో కలిపారు. వెనక మూడు దీపాలూ ధగధగ వెలిగాయి. రోగం స్విచ్చిలోనే ఉందని తేలిపోయింది. మీరు ఈ పరీక్ష చేయదలిస్తే ఒక జాగ్రత్త: ఏ తీగలు దీపాలవో వైరింగు పటం చూసి తేల్చుకోనిదే కలపకండి. కంప్యూటరు తీగల జోలికి అసలే వెళ్ళవద్దు.

గేరు కదలకపోవడానికి కారణం కూడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆటోమేటిక్ బళ్ళలో బ్రేకు తొక్కితేనే గేరు కర్ర 'పార్క్' నుంచి కదలాలి. బ్రేకు తొక్కిన సంగతి బండికి చెప్పేది ఈ స్విచ్చే. బటనుతో స్టార్టు చేసే బళ్ళు, స్థిరవేగ నియంత్రణ ఉన్న బళ్ళు కూడా దీని మాట మీదే నడుస్తాయి. అందుకే అనేక బళ్ళలో ఒకే డబ్బాలో రెండు స్విచ్చులు పెడతారు. పెడల్ తొక్కినప్పుడు ఒకటి కలవాలి, మరొకటి తెగాలి. ఆ రెండూ చెప్పే కబుర్లు పొసగకపోతే కంప్యూటరు అనుమానించి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. స్కానరు పెడితే పి0504 వంటి సంఖ్య కనిపిస్తుంది.

మేస్త్రి పాత స్విచ్చిని పగలగొట్టి చూపించారు. లోపలి లోహపు ముక్కలు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. కారణం భౌతికశాస్త్రంలో ఉంది. 12 వోల్టుల మీద 21 వాట్ల బల్బు తీసుకునే విద్యుత్తు 1.75 ఆంపియర్లు. రెండు బల్బులకు 3.5. కాని అది తంతువు కాగిన తరువాతి లెక్క. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తంతువు నిరోధం, కాగినప్పటి దానిలో పదో వంతు మాత్రమే. కనుక స్విచ్చి కలిసిన తొలి క్షణంలో పది రెట్ల దాకా విద్యుత్తు దూసుకుపోతుంది. ప్రతి తొక్కుకూ ఒక చిన్న మెరుపు. ఊళ్ళో తిరిగే బండికి రోజుకు వందల తొక్కులు. లోహం కొద్దికొద్దిగా కాలిపోవడంలో వింతేముంది?

తొక్కి పెట్టాలి

కొత్త స్విచ్చి తెచ్చాక బావ ఉత్సాహంగా తానే బిగించారు. పాతది తిప్పి ఊడదీసినట్టే కొత్తదాన్ని తోసి తిప్పారు. పెడల్ పైకి వచ్చినా దీపాలు ఆరలేదు! మేస్త్రి నవ్వారు.

"దాన్ని తొక్కి పెట్టాల బాబూ. పెడలు ఎంత దూరం వస్తాదో తొక్కి వొదిల్తేనే కదా దానికి తెలుస్తాది!"

ఈ రకపు స్విచ్చి బొడిపెకు రంపపు పళ్ళ వంటి గాట్లుంటాయి. పెడల్‌ను ముందు కిందకు తొక్కి పట్టుకోవాలి. స్విచ్చిని గూటిలో పూర్తిగా దూర్చి, తిప్పి బిగించాలి. ఆ తరువాత పెడల్‌ను మెల్లగా వదలాలి. పైకి వచ్చే పెడల్ బొడిపెను తనకు కావలసినంత లోపలికి నెడుతుంది. గాట్లు ఆ కొలతను పట్టుకుంటాయి. చాలా రకాల్లో ఈ సర్దుబాటు ఒక్కసారే జరుగుతుంది. అందుకే బావ మరొక స్విచ్చి కొనవలసి వచ్చింది. మర ఉన్న పాతరకం స్విచ్చి అయితే తిప్పి ఖాళీని సరిచేసి, నట్టు బిగిస్తే సరిపోతుంది. ఏ రకమైనా స్విచ్చి పెడల్‌కు అడ్డుపడి దాన్ని పూర్తిగా పైకి రానివ్వకపోతే బ్రేకులు సగం పట్టి ఉండి వేడెక్కిపోతాయి. చివరగా చూడవలసింది అదే.

దీపాలు ఆరకపోవడానికి మరో కారణం కూడా ఉంటుంది. కొన్ని బళ్ళలో పెడల్ చేతికి ఉన్న రంధ్రంలో చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది. బొడిపె దానికే ఆనుతుంది. ఏళ్ళు గడిచి ఆ బిళ్ళ పొడి అయి రాలిపోతే బొడిపె రంధ్రంలోకి దూరిపోతుంది. స్విచ్చి బాగానే ఉన్నా దీపాలు రాత్రంతా వెలిగి, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. కాళ్ళ దగ్గర చాపమీద రబ్బరు ముక్కలు కనిపిస్తే ఊడ్చి పారేయకండి. అవే మీ రోగానికి ఆనవాళ్ళు.

పెడల్ లేని బ్రేకు

కథ ఇక్కడితో ఆగలేదు. లోహపు ముక్కలు తగలకుండా పనిచేసే స్విచ్చులు వచ్చాయి. పెడల్ చేతికి ఒక అయస్కాంతం ఉంటుంది. అది జరిగితే ఎదుట ఉన్న అర్ధవాహకపు ముక్కలో వోల్టేజి మారుతుంది. దీనికి మూలమైన ప్రభావాన్ని 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ విద్యార్థి పలుచని బంగారు రేకుతో ప్రయోగాలు చేస్తూ కనిపెట్టారు. తగలడం లేదు కనుక కాలిపోవడమూ లేదు.

విద్యుత్ కార్లు ఇంకో చిక్కు తెచ్చాయి. వాటిలో యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, మోటారే జనరేటరుగా మారి బండిని నెమ్మదింపజేస్తుంది. బ్రేకు పెడల్ కదలదు. మరి దీపం వెలిగేదెలా? అందుకని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో వేగం తగ్గే రేటునే కొలమానంగా తీసుకున్నారు. ఆ రేటు సెకనుకు సెకనుకు 1.3 మీటర్లు దాటితే, పెడల్ తొక్కినా తొక్కకపోయినా దీపం వెలగాలి. 0.7 మీటర్లు దాటకపోతే వెలగకూడదు. ద్రవ పీడనం చెప్పిన మాట, కాలి ఉద్దేశం చెప్పిన మాట అయిపోయాయి. ఇప్పుడు బండి గమనమే స్వయంగా మాట్లాడుతోంది.

స్విచ్చి మార్చిన మర్నాడు బావ ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళారు. రెండు వీధుల అవతలే దొరికాడు. మడ్‌గార్డు ఖర్చు ఇచ్చి, "నువ్వు చెప్పిందే నిజం" అన్నారు. వెనక నుంచి గుద్దినవాడిదే తప్పని మనమందరం సులువుగా తీర్పు చెప్పేస్తాం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కాని ముందువాడు మాట చెప్పకపోతే వెనకవాడు వినేదెలా?

ఈ రాత్రి మీ బండిని ఇంటి గోడకు వెనక్కి ఆనించి నిలిపి, బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద ఎరుపు రెట్టింపు కావాలి, కాలు తీయగానే తగ్గాలి. దానికి పట్టేది అర నిమిషం.